కొలువులో తన్ను తానెరిగినవారు

అహోబిలం ఇప్పటి నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డ మండలంలోని ఊరు. పదిహేనో శతాబ్దంలో అన్నమయ్య అక్కడ ఆదివన్ శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడు. తర్వాత సాళువ నరసింహరాయలు ఆదరించాడు, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తన మీద పదం కట్టమని అడిగేసరికి మాత్రం అన్నమయ్య కుదరదన్నాడు. సంకెళ్ళు వేసినా మాట మార్చుకోలేదని మనుమడు చిన్నన్న రాసిపెట్టాడు. తనలో ఏలికకు చెందేదెంత, చెందనిదెంత అన్నది తెలిసిన మనిషి ఆయన. ఉద్యోగికి ఆత్మపరిశీలన అక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

అదే జిల్లాలో ఉన్న బనగానపల్లెది ఇంకా గొప్ప కథ. గరిమిరెడ్డి అచ్చమ్మగారింట్లో వీరబ్రహ్మం పశువుల కాపరి. రవ్వలకొండ దగ్గర ఆవుల చుట్టూ గీత గీసి, అవి దాటకుండా మేస్తుంటే, తాను గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసేవాడని జనం చెప్పుకుంటారు. మనం ఎప్పుడూ కాపరి మహిమ దగ్గరే ఆగిపోతాం. అచ్చమ్మ చేసిన పని చిన్నదా? జీతగాడు పశువుల్ని వదిలేసి ఏం చేస్తున్నాడో చూద్దామని వెళ్ళిన యజమానురాలు, చూశాక అతన్ని గద్దించలేదు. తన చూపు మార్చుకుంది, ఉపదేశం అడిగింది. పనివాడు తన్ను తాను తెలుసుకోవడం ఒక ఎత్తు, పని చేయించుకునేవారు తమ్ము తాము చూసుకోవడం ఇంకో ఎత్తు.

ఆ రెండోది లేకపోతే ఏమవుతుందో ఉయ్యాలవాడ చూపించింది. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాక దాని కలెక్టరు మన్రో పాలెగాళ్ళ ఆయుధాలు తీసేయించి, భరణాలు కట్టాడు. ఊళ్ళ కాపలా కాసే కట్టుబడివాళ్ళకు జీతం బదులు మాన్యాలుండేవి. వాటినీ సర్కారు ఒక్కొక్కటిగా లాక్కుంటూ వచ్చింది. తరాలుగా చేసిన సేవకు విలువ లేదని తేలిపోయిన ఆ కట్టుబడివాళ్ళే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచారు, కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని అక్కడే ఉరితీశారు. తమ కష్టం విలువ తమకు తెలిసిన కొలువుగాళ్ళ తిరుగుబాటుగా కూడా దాన్ని చదవాలి. మన చరిత్ర పుస్తకాలు నాయకుడి గుర్రం దగ్గరే నిలిచిపోవడం నాకు బాధగా ఉంటుంది.

తర్వాతి కాలాన్ని గబగబా దాటవచ్చు.  1984లో కరణం, మునసబు పదవులు పోయాయి. వంశపారంపర్యంగా వచ్చిన పదవే తామనుకున్నవాళ్ళు ఆ పదవి లేకుండా ఊళ్ళో మనుషులుగా బతకడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. 1990లో, ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేస్తున్న సుభాష్ పత్రి కర్నూలులో ధ్యాన సంఘం పెట్టారు. కళ్ళు మూసుకుని శ్వాసను గమనించడం ఆఫీసులకు వెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లోకి అలా వచ్చింది. 2020లో కేంద్రం కర్మయోగి మిషన్ ప్రకటించింది. ఉద్యోగికి నైపుణ్యంతో పాటు నడవడిక కూడా నేర్పాలన్నది దాని ఉద్దేశం.

మంచిదే. కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రంగా మారిన నంద్యాలలో అర్జీలు తీసుకునే బల్ల దగ్గర నిలబడి చూడండి. ఒక ముసలాయన అదే కాగితం మళ్ళీ తెచ్చాడు. గుమాస్తాకు విసుగు వచ్చింది. అది ఆ ముసలాయన మీదా, పొద్దున పై అధికారి అన్న మాట మీదా? ఆ క్షణంలో తేడా పట్టుకోగలిగితే అర్జీదారు బతికిపోతాడు. అయితే పట్టుకోవలసిన భారమంతా గుమాస్తా మీదే వేసి, పైవాణ్ణి వదిలేసే శిక్షణలంటే నాకు గురి లేదు.

ఆళ్ళగడ్డ శిల్పుల పనిచోట్లలో పైవాడు, కిందివాడు అన్న ఆ వేర్పాటు తక్కువ. ఉలి దెబ్బకు రాయి పలికే తీరును బట్టి లోపలి పగులు తెలుస్తుంది. చెయ్యి బరువు పెరిగిందో, చిత్తం చెదిరిందో కూడా ఆ చప్పుడే చెబుతుంది. నేర్పేవాడూ అదే రాతి దుమ్ములో కూర్చుంటాడు. అతని దెబ్బ తప్పినా నేర్చుకునే కుర్రాడికి వినిపిస్తుంది.