మైక్ వెబ్‌స్టర్: ఎవరూ లెక్కపెట్టని దెబ్బలు

అమెరికన్ ఫుట్‌బాల్ క్లిప్స్ మీ ఫోన్లో ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. అందులో మన కళ్ళు ఎప్పుడూ బంతి విసిరేవాడి మీదో, పట్టుకుని పరిగెత్తేవాడి మీదో ఉంటాయి. ఈరోజు వాళ్ళ ముందు గోడలా నిలబడే మనిషి గురించి చెప్పుకుందాం.

ఆ గోడని అఫెన్సివ్ లైన్ అంటారు. ఐదుగురు ఉంటారు, మధ్యలో ఉండేవాడు సెంటర్. వంగి, బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించి, మరుక్షణమే ఎదుటివాడిని ఢీకొట్టాలి. పొట్టేళ్ల పందెం చూశారా? దాదాపు అలాగే ఉంటుంది.

మైక్ వెబ్‌స్టర్ 1952లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టాడు. సెంటర్‌గా ఆడటానికి ఒళ్ళు సరిపోదనుకున్నారు. 1974లో కాలేజీ ఆటగాళ్ళని టీములు ఎంచుకునేటప్పుడు పిట్స్‌బర్గ్ స్టీలర్స్ అతన్ని తీసుకుంది, అదీ ఐదో రౌండులో, 125వ స్థానంలో. తర్వాత ఆరు సీజన్లలో ఆ టీమ్ 4 సూపర్ బౌల్స్ గెలిచింది. నాలుగింటిలోనూ వెబ్‌స్టర్ ఉన్నాడు. ఎముకలు కొరికే చలిలో కూడా పొట్టి చేతుల జెర్సీతోనే దిగేవాడు. జనం ‘ఐరన్ మైక్’ అని పిలిచారు. మొత్తం 17 సీజన్లు, 245 మ్యాచులు. 1997లో హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం కూడా వచ్చింది.

కానీ అప్పటికే మనిషి మనిషిలా లేడు. మతిమరుపు, నిద్రలేమి, ఒళ్ళంతా నొప్పులు. సంసారం చెదిరిపోయింది, డబ్బులు పోయాయి. కొన్నాళ్ళు తన ట్రక్కులోనే పడుకున్నాడు. 1999లో లీగ్ పెన్షన్ బోర్డే, తలదెబ్బల వల్ల ఇతను ఇక పని చేయలేడని ఒప్పుకుంది. అయినా ఆ జబ్బు ఆట మానేసిన తర్వాతే మొదలైందంటూ తక్కువ పెన్షన్ ఇచ్చింది. అది తప్పని 2006లో అప్పీల్ కోర్టు కుటుంబం వైపు తీర్పు చెప్పేనాటికి వెబ్‌స్టర్ లేడు. 2002లోనే, 50 ఏళ్ళకే చనిపోయాడు.

పోస్ట్‌మార్టం చేసింది నైజీరియా నుంచి వచ్చిన డాక్టర్ బెనెట్ ఒమాలు. పైకి మెదడు మామూలుగానే కనిపించింది. ఆయన వదల్లేదు. పల్చటి ముక్కలు కోయించి మైక్రోస్కోప్ కింద చూస్తే, టావ్ అనే ప్రోటీన్ పేరుకుపోయి ఉంది. ఈ జబ్బు పేరు సీటీఈ. 2005లో పరిశోధన వ్యాసం వస్తే, లీగ్ కమిటీ డాక్టర్లు దాన్ని వెనక్కి తీసుకోమన్నారు. తలదెబ్బలకి దీర్ఘకాలిక నష్టం ఉంటుందని లీగ్ ప్రతినిధి బయటికి ఒప్పుకున్నది 2009లో.

ఇక్కడ అసలు విషయం ఒకటుంది ఫ్రెండ్స్. స్పృహ తప్పేంత పెద్ద దెబ్బే తగలక్కర్లేదు. ప్రాక్టీసులో, మ్యాచులో రోజూ తగిలే చిన్న చిన్న దెబ్బలు కూడా ఏళ్ళ తరబడి కలిస్తే ప్రమాదమే. విసిరిన పాస్‌లకి, పరుగు తీసిన గజాలకి లెక్క ఉంది. లైన్‌మన్ తిన్న దెబ్బలకి మాత్రం ఎవరూ లెక్క రాయలేదు.

మీరు ఏ ఆట ఆడినా సరే, తలకి దెబ్బ తగిలితే ‘ఏం కాదులే’ అని మళ్ళీ గ్రౌండ్‌లోకి దిగకండి. డాక్టర్‌కి చూపించుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.