సేలం ఊరి కంచు పెద్దమనిషి

మంట దగ్గరికి జరిగి కూర్చో నాయనా, ఓ పాత ముచ్చట చెబుతాను. అమెరికాలో బోస్టన్‌కి ఉత్తరాన సేలం అని ఓ ఊరుంది. అక్కడ పెద్ద బండరాయి మీద ఓ కంచు విగ్రహం. నెత్తిన వెడల్పు అంచుల టోపీ, ఒంటి మీద గాలికి ఎగిరే పొడవాటి అంగీ. ఎదురుగా మంత్రగత్తెల మ్యూజియం. ఇంకేముంది, వచ్చినవాళ్లలో చాలామంది ఆయన్ని మంత్రగాడనుకుంటారు. నవ్వకు, నువ్వెళ్లినా అంతే!

ఆయన రోజర్ కోనంట్, ఆ ఊరికి పునాది వేసినవాడు. హెన్రీ హడ్సన్ కిట్సన్ అనే శిల్పి చేసిన ఆ విగ్రహాన్ని 1913లో నిలబెట్టారు. మంత్రగత్తెలంటూ ఆ ఊళ్లో 19 మందిని ఉరితీసింది 1692లో. ఈయన 1679లోనే పోయాడు. ఆ పాపంలో ఆయనకు పిసరంత వాటా లేదు.

అసలెంత నెమ్మదస్తుడనుకున్నావు! ఆ తీరానే ఉన్న కేప్ ఆన్‌లో చేపలు ఎండబెట్టే చోటు కోసం రెండు జట్లు తుపాకులదాకా వెళ్తే, మధ్యన నిలబడి సర్దిచెప్పింది ఈయనే. అక్కడ చేపల వ్యాపారం గిట్టక, 1626లో మిగిలిన కొద్దిమందితో ఇప్పుడు సేలం ఉన్న చోటికి చేరాడు. రెండేళ్లకే ఇంగ్లండు నుంచి ఎండికాట్ అనే పెద్దమనిషి దిగి పెత్తనం తనదన్నాడు. కేప్ ఆన్‌లోని పెద్దింటిని సైతం విప్పి తెచ్చి ఆయన కోసం నిలబెట్టారు. ఇంకొకరైతే కత్తులు నూరేవారు. కోనంట్ పక్కకు తప్పుకున్నాడు. ఊరుకున్నంత ఉత్తమం లేదని ఊరికే అన్నారా!

అప్పటి పద్ధతులే వేరు. రొక్కం కరువు, బాకీలకు మొక్కజొన్నలు కొలిచేవారు. 200 పౌండ్ల ఆస్తి లేనివాడు బంగారు, వెండి లేసు తొడగరాదని 1651లో చట్టమే చేశారు. పెళ్లికి నువ్వు కుట్టించుకున్న షేర్వాణీ చూస్తే జుర్మానా వేసేవారు!

ముసలితనంలో కోనంట్ ఉన్న పేటకి బెవర్లీ అని పేరు పెట్టారు. పొరుగువాళ్లు దాన్ని వంకర తిప్పి ముష్టివాళ్ల ఊరని వెక్కిరించేవారు. తన పుట్టినూరి పేరు పెట్టండని 1671లో అర్జీ పెట్టుకున్నాడు. పెద్దలు కాదన్నారు.

ఎటో పోయాను, అసలు సంగతికి వస్తా. ఆ సేలం నేల నౌమ్‌కీగ్ అనే ఆదివాసీ జనానిది. తెల్లవాళ్లు కాపురం పెట్టేనాటికే రోగాలు వాళ్లలో ఎందరినో ఊడ్చేశాయి. మిగిలిన వారసుల దగ్గర పట్టా రాయించుకున్నది 1686లో, ఊరంతటికీ కలిపి 20 పౌండ్లకు! అరవయ్యేళ్లు అనుభవించాక కాగితం. ఆ లెక్కలో మాత్రం మన నెమ్మదస్తుడికీ వాటా ఉంది.

చేయని పాపం ఆయన నెత్తిన రుద్దుతారు, చేసినదాన్ని ఎవరూ అడగరు. నువ్వు ఎప్పుడైనా అటు వెళ్తే టోపీ చూసి మనిషిని తూచకు. ఈ నేల ముందు ఎవరిదని అడుగు.