పూల్ టేబుల్ మీద దీపం: కొవ్వొత్తి నుంచి ఎల్‌ఈడీ దాకా

ఇంట్లో పూల్ టేబుల్ పెట్టుకోవాలనుకునేవాళ్లు నెల రోజులు రీసెర్చ్ చేస్తారు. క్లాత్ ఏ రంగు, కింద స్లేటా చెక్కా, క్యూ స్టిక్ బరువెంత, అన్నీ చూస్తారు. లైట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "గోడకి ట్యూబ్‌లైట్ ఉందిగా, అది చాలదా?" అంటారు. చాలదు. ఎందుకు చాలదో చెప్పాలంటే మిమ్మల్ని మూడొందల ఏళ్లకు పైగా వెనక్కి తీసుకెళ్లాలి. ఇది దీపాల కథే, కానీ రాత్రిపూట ఆడుకునే హక్కు ఎవరికి దక్కింది అనే కథ కూడా.

మొదట ఫ్రాన్స్‌కి వెళ్దాం. 14వ లూయీకి బిలియర్డ్స్ అంటే బాగా ఇష్టం. 1694లో ఆంత్వాన్ త్రూవాఁ అనే కళాకారుడు చెక్కిన చిత్రంలో రాజుగారు వెర్సాయ్‌లో తన వాళ్లతో బిలియర్డ్స్ ఆడుతూ కనిపిస్తారు. ఈ ఆటకి అక్కడ ఎంత విలువంటే, షమిల్లార్ అనే ఆయన బాగా ఆడి రాజు దృష్టిలో పడ్డాడు, 1699లో ఏకంగా ఆర్థిక మంత్రి అయ్యాడు!

అయితే సాయంత్రం చీకటి పడ్డాక ఆడాలంటే వెలుగు ఏది? కొవ్వొత్తులే. మంచి తేనెమైనం కొవ్వొత్తి ఖరీదైన వస్తువు. మామూలు జనం ఇళ్లలో జంతువుల కొవ్వుతో చేసినవి వెలిగేవి, వాటితో పొగ, వాసన. పైనుంచి మైనం కారితే టేబుల్ క్లాత్ పాడవుతుంది. కాబట్టి రాత్రిపూట ఆట అంటే డబ్బున్నవాళ్ల ఆట. రోజంతా పనిచేసి సాయంత్రం ఇంటికొచ్చే మనిషికి టేబుల్ దొరికినా వెలుగు దొరకదు.

19వ శతాబ్దంలో సీన్ మారింది. 1807లో లండన్ పాల్ మాల్ వీధిలో గ్యాస్ దీపాలు వెలిగించి చూపించారు. 1826లో జాన్ థర్స్టన్ అనే టేబుళ్ల తయారీదారు చెక్క బదులు స్లేట్ రాయి వాడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు టేబుల్ నున్నగా, చదునుగా ఉంది. అంటే బాల్ గురి తప్పితే తప్పు టేబుల్‌ది కాదు, ఆడేవాడిది. అలాంటప్పుడు వెలుగు కూడా అన్ని మూలలకీ సమానంగా పడాలి కదా?

గ్యాస్‌కి ఒక ఇబ్బంది ఉంది. అది పైపులో రావాలి. సీలింగ్ నుంచి పైపు దించి, టేబుల్ పొడవునా కొమ్మల్లా చీల్చి, ఒక్కో కొమ్మకి ఒక్కో దీపం, దాని మీద ఒక గొడుగు పెట్టారు. పెద్ద టేబుళ్లకి ఇలా ఆరు దీపాలు ఉండటం మామూలే. ఇవాళ మనం ఆన్‌లైన్‌లో చూసే "ఒక రాడ్, దానికి మూడు షేడ్లు" మోడల్ ఉంది చూశారా? నా దృష్టిలో అది ఆ గ్యాస్ పైపుకి మనవడు. పైపు పోయింది, రూపం మిగిలింది.

మిగలడానికి కారణం కూడా ఉంది. ఒకే దీపం ఉంటే బాల్‌కి ఒక పక్కే వెలుగు పడుతుంది, రెండో పక్క నల్లటి నీడ. గురి చూసేటప్పుడు మన కన్ను వెతికేది బాల్ అంచుని. ఆ అంచు నీడలో కలిసిపోతే గురి తప్పుతుంది. వరసగా మూడు దీపాలుంటే ఒకదాని నీడని ఇంకొకటి పల్చన చేస్తుంది.

1888 సెప్టెంబర్‌లో వాన్ గో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో 'ది నైట్ కెఫే' అనే బొమ్మ వేశాడు. మూడు రాత్రులు మేలుకుని, పగలు నిద్రపోయి వేశాడట. ఎర్ర గోడలు, పైన నాలుగు దీపాలు, మధ్యలో బిలియర్డ్స్ టేబుల్, దాని కింద చిక్కటి నీడ. గోడల పక్కన టేబుళ్ల దగ్గర వాలిపోయిన మామూలు మనుషులు. వెర్సాయ్‌కీ ఈ బొమ్మకీ మధ్య రెండొందల ఏళ్లలో రాత్రి రాజుగారి చేతుల్లోంచి వీధిలోకి వచ్చేసింది.

మరి మన దగ్గర? స్నూకర్ పుట్టిందే ఇక్కడ. 1875లో జబల్‌పూర్ మిలిటరీ మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి ఈ ఆటకి రూపం ఇచ్చాడు, తర్వాత ఊటీ క్లబ్‌లో నియమాలు కుదిరాయి. ఈయన తర్వాత ప్రధాని అయిన చాంబర్లేన్ కాదు, కన్ఫ్యూజ్ అవ్వొద్దు. 1875కి ఎడిసన్ బల్బు ఇంకా రాలేదు. అంటే రాత్రి ఆట నూనె దీపాల కిందే. పచ్చటి దీపం వెలుగులో తెలుపూ పసుపూ ఒకేలా కనిపిస్తాయి, నీలం నల్లబడుతుంది. రంగుల మీద నడిచే ఆటకి ఇది చిన్న సమస్య కాదు. మన హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో కూడా బిలియర్డ్స్ గది ఉంది. ఇక్కడ ఈ ఆట చాలాకాలం దొరలూ నవాబుల దగ్గరే ఉండిపోయింది.

ఇంగ్లండ్‌లో మాత్రం 1906లో టెంపరెన్స్ బిలియర్డ్ హాల్ కంపెనీ మొదలైంది. మందు అమ్మని బిలియర్డ్స్ హాళ్లు కట్టడం వీళ్ల పని. పని ముగించుకున్నవాళ్లు తాగకుండా సాయంత్రం గడపడానికి ఒక చోటు. అలాంటి చోటు నడవాలంటే మొదట కావాల్సింది వెలుగే కదా!

తర్వాత సినిమా, టీవీ వచ్చాయి. 1961 నాటి 'ది హస్లర్' సినిమాకి ఛాయాగ్రాహకుడు యూజెన్ షుఫ్టాన్‌కి ఆస్కార్ వచ్చింది. 1969లో బీబీసీ టూ 'పాట్ బ్లాక్' అనే స్నూకర్ షో మొదలుపెట్టింది, కలర్ టీవీ గొప్పతనం చూపించడానికి. రంగు సరిగ్గా కనిపించడమే ఆ షోకి పెట్టుబడి.

సరే, ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. ప్రపంచ పూల్ సంఘం నియమాల ప్రకారం టేబుల్ మీద, అంచుల మీద ప్రతి చోటా కనీసం 520 లక్స్ వెలుగు ఉండాలి. "ప్రతి చోటా" అన్న మాట ముఖ్యం. మధ్యలో వెయ్యి, మూలల్లో రెండొందలు ఉంటే లాభం లేదు. మీ ఫోన్‌లో లైట్ సెన్సర్ ఉంటే లక్స్ మీటర్ యాప్ వేసుకుని, ఫోన్‌ని టేబుల్ మీద వెల్లకిలా పెట్టి మధ్యలో, నాలుగు మూలల్లో చూడండి. అంకెలు కచ్చితంగా ఉండవు కానీ తేడా తెలిసిపోతుంది.

ఎత్తు సంగతి. ఇళ్లలో మామూలుగా టేబుల్ క్లాత్ నుంచి షేడ్ అడుగు దాకా 32 నుంచి 36 అంగుళాలు ఉంచుతారు. ఇంకా దించితే తలకి తగులుతుంది, ఇంకా పెంచితే బల్బు సూటిగా కళ్లలో కొడుతుంది. ఎల్‌ఈడీ కొనేటప్పుడు పెట్టె మీద సీఆర్‌ఐ 90 పైన ఉందా, రంగు 4000 నుంచి 5000 కెల్విన్ మధ్య ఉందా చూడండి. రంగు అద్దాల షేడ్లు ఫొటోలో అందంగా ఉంటాయి, ఆటలో మాత్రం క్లాత్ మీద మరకల్లా వెలుగు వేస్తాయి. లోపల తెల్లగా, బయట వెలుగు దాటని షేడ్ మేలు.

ఇంకొకటి, మన ఇళ్లలో గది నడిమధ్యలో ఫ్యాన్ ఉంటుంది, లైట్ ఉండాల్సిందీ అక్కడే. లైట్ ఫ్యాన్ రెక్కల పైన ఉంటే టేబుల్ మీద నీడలు తిరుగుతూనే ఉంటాయి. అందుకే ఫ్యాన్‌ని పక్కకి జరపండి, లేదా గోడ ఫ్యాన్ పెట్టుకోండి. టేబుల్ నడుమ జాగా లైట్‌కి వదిలేయండి.

రాజుగారు ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా రాని సమానమైన వెలుగు ఇవాళ మూడు ఎల్‌ఈడీ బల్బులతో వస్తుంది. టేబుల్ మీద పెట్టే డబ్బులో చిన్న ముక్క చాలు. ఆ ముక్క మిగుల్చుకుంటే, రేపు మీ తమ్ముడు ఓడిపోయినప్పుడు "లైట్ బాలేదు" అంటాడు. అప్పుడు కాదనడానికి మీ దగ్గర సమాధానం ఉండదు.