ఆర్థర్ వార్టన్ నుంచి గుగులోత్ సౌమ్య దాకా



పోయిన వారం వర్ధన్నపేటలో కబడ్డీ పోటీలు చూస్తున్నాను. మా డిగ్రీ విద్యార్థిని ఒకమ్మాయి వరసగా నాలుగు పాయింట్లు తెచ్చింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి, "వీళ్లది కష్టం చేసిన ఒళ్లు సార్, ఆట పుట్టుకతోనే వస్తది" అన్నాడు. మెచ్చుకుంటున్నా అనుకున్నాడు పాపం. మూడేళ్లుగా ఆ పిల్ల తెల్లారకముందే లేచి చేస్తున్న సాధన ఆయన లెక్కలోకి రాలేదు. అందుకే ఈసారి సాహిత్యం పక్కనబెట్టి ఫుట్‌బాల్ చరిత్ర రాస్తున్నాను.

ఆర్థర్ వార్టన్ 1865లో ఇప్పటి ఘనా రాజధాని అక్రాలో పుట్టాడు. మతబోధకుడి చదువు కోసం 1882లో ఇంగ్లండ్ పోయి, చదువు వదిలి ఆటల్లో పడ్డాడు. 1886లో లండన్‌లో వంద గజాలు పది సెకన్లలో పరిగెత్తి జాతీయ ఛాంపియన్ అయ్యాడు. ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కు గోల్‌కీపర్‌గా ఆడాడు. 1889లో రోథర్‌హామ్ టౌన్‌లో జీతానికి కుదిరాడు. ప్రపంచంలో మొదటి నల్లజాతి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్‌గా చరిత్రకారులు ఎక్కువమంది చెప్పేది ఈయన పేరే. ఆట అయిపోయాక? బొగ్గు గని. 1930లో చనిపోతే ఎడ్లింగ్టన్‌లో పూడ్చారు. సమాధి మీద పేరు చెక్కిన రాయి పెట్టింది 1997లో. అదీ జాత్యహంకారానికి వ్యతిరేకంగా పనిచేసేవాళ్లు పట్టుబడితేనే. మధ్యలో అరవై ఏడేళ్లు! మన ఊళ్లలో మాల మాదిగల బొందలగడ్డల్లో ఎన్ని రాళ్లున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

వార్టన్ తర్వాత ఆఫ్రికా నుంచి యూరప్‌కు ఆటగాళ్లు వేలమంది పోయారు. డబ్బు వచ్చింది, పేరొచ్చింది. మాట మాత్రం మారలేదు. 2006లో స్పెయిన్‌లోని సరగోసాలో బార్సిలోనా తరఫున ఆడుతున్న కామెరూన్ వాడు శామ్యూల్ ఎటోను చూసి ప్రేక్షకులు కోతి అరుపులు అరిచారు. ఆయన మైదానం వదిలి పోబోతే తోటివాళ్లు బతిమాలి ఆపారు.

అదే మాట మనకు ఎంత దగ్గరలో వినిపించిందో చూడండి. మన వర్ధన్నపేట నియోజకవర్గంలోదే పర్వతగిరి మండలం కల్లెడ. జీవంజి దీప్తిని చిన్నప్పుడు ఊళ్లోవాళ్లు 'పిచ్చి', 'కోతి' అనేవాళ్లని ఆమె తల్లిదండ్రులే చెప్పుకున్నారు. కూలి చేసుకు బతికిన తల్లిదండ్రులు. ఆ పిల్ల 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అప్పుడు ఫ్లెక్సీలు లేచాయి.

ఇక ఫుట్‌బాల్‌లో మన బిడ్డ గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ జిల్లా లంబాడీ అమ్మాయి. గోకులం కేరళ నుంచి 2022లో క్రొయేషియా పోయి డినామో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్ కూడా తోడు. తిరిగొచ్చాక ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిపించడంలో ముందు నిలిచింది. ఆ ఏడు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెకే ఇచ్చారు. ఈమెను కూడా "తండా పిల్ల, కాళ్లలో బలం" అని సరిపెట్టేవాళ్లున్నారు. అంచున ఆడే ఫార్వర్డ్‌కు కాళ్లకన్నా ముందు కన్ను కావాలి. బంతి రాకముందే ఖాళీ ఎక్కడ తెరుచుకుంటుందో పసిగట్టాలి. దాన్ని బుద్ధి అంటారు. ఆ మాట మనవాళ్లకు వాడాలంటే కొందరికి నోరు రాదు.

ఇదంతా మొన్న క్లాసులో చెప్పాను. ఆ కబడ్డీ అమ్మాయి చెయ్యెత్తి, "సార్, వార్టన్‌ను గనిలో పెట్టుకున్నోళ్లకు ఆయన ఎవరో తెల్వదా?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వచ్చే వారం పల్వంకర్ బాలూ, 1911 ఇంగ్లండ్ పర్యటన.