కన్నెమరా దొరగారి గేటు దగ్గర

పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగి మద్రాసు సెంట్రల్ బయటికొచ్చేసరికి మీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. చేతిసంచిలో బందరు లడ్డు డబ్బా. పామిడిముక్కలలో చీకటుండగానే ఆటో ఎక్కారు, ఉయ్యూరులో బస్సు పట్టుకున్నారు, బెజవాడలో రైలెక్కారు. మేనల్లుడి రిసెప్షన్ కన్నెమరాలో. ఆ మాట చెబితే ఆటో అతను వెనక్కి తిరుగుతాడు.

"లైబ్రరీయా సార్, హోటలా?"

రెంటికీ ఒక్క దొర పేరే. రాబర్ట్ బుర్క్, 1886 నుంచి 1890 దాకా మద్రాసు గవర్నరు. మన బందరు కలెక్టరు మీద కూడా అప్పుడు పెత్తనం ఆయనదే. 1887లో విక్టోరియా రాణి బిరుదిచ్చి బారన్ కన్నెమరాని చేసింది. కన్నెమరా అంటే ఐర్లండులో పడమటి సీమ. 1890 మార్చిలో ఎగ్మూరులో గ్రంథాలయానికి శంకుస్థాపన చేశాడు, అందుకని దానికా పేరు.

ఆటో మౌంట్ రోడ్డు వదిలి బిన్నీ రోడ్డులోకి తిరుగుతుంది. తెల్లటి భవనం, నున్నటి మూలలు, 1930ల నాటి సొగసు. అసలు హోటలు అంతకంటే పాతది. 1854లో ఇంపీరియల్ అన్నారు, తర్వాత ఆల్బనీ అన్నారు, 1890ల తొలినాళ్ల నుంచి కన్నెమరా. తలపాగా చుట్టిన ద్వారపాలకుడు తలుపు తీస్తాడు. చల్లగాలి మొహానికి తగులుతుంది. మీరు కండువా సర్దుకుంటారు.

దొరతనం మీకు కొత్తేం కాదు. నూజివీడు వారి వాటాలు ఉయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు. దివిసీమ వైపు చల్లపల్లి రాజావారు. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. ప్రభుత్వం బిరుదులివ్వకూడదని రాజ్యాంగం 18వ అధికరణం 1950లో చెప్పింది. అయినా చల్లపల్లి బస్సులో ముసలాయన ఇప్పటికీ 'రాజావారి కోట' అనే అంటాడు. ఆ పిలుపులో భక్తి ఎంతో, అలవాటెంతో, భూపోరాటాలనాటి కసి ఎంతో విడదీయడం కష్టం.

ఇంగ్లండులో ఇంత తటపటాయింపు లేదు, దొర పేరు తిన్నగా సారా దుకాణం బోర్డెక్కేస్తుంది. మార్క్విస్ ఆఫ్ గ్రాన్బీ పేరుతో ఎన్ని పబ్బులో! ఏడేళ్ల యుద్ధంలో జర్మనీలో పోరాడిన సేనాని. గాయపడ్డ తన సైనికులకు పబ్బులు పెట్టించాడని చెప్పుకుంటారు. అదే యుద్ధంలో, 1759 ఏప్రిల్లో, కర్నల్ ఫోర్డ్ మన బందరు కోట మీద పడ్డాడు. లొంగిపోయిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ కూడా మార్క్విసే. బందరులో ఇప్పుడాయన ఎవరికి గుర్తు?

రిసెప్షన్‌కి ఇంకా టైముంది. మేనల్లుడు చెయ్యి పట్టుకుని బార్‌లోకి లాక్కెళతాడు. మసక వెలుతురు, మెత్తటి కుర్చీలు, గ్లాసుల గలగల. బార్ పేరు లేడీ కన్నెమరా.

ఈవిడ కథే అసలు కథ. పేరు సూసన్, గవర్నర్ జనరల్ డల్హౌసీ పెద్ద కూతురు. కొడుకుల్లేని రాజుల రాజ్యాలు కలిపేసుకున్న ఆ డల్హౌసీయే! సతారా, ఝాన్సీ, నాగపూర్ అలాగే పోయాయి. తీరా 1860లో ఆయన పోయేనాటికి ఆయనకీ కొడుకు లేడు. మార్క్విస్ బిరుదు ఆయనతోనే ఆగిపోయింది. సతారా వాళ్లు ఆ కబురు విని ఏమనుకున్నారో. కూతురు మద్రాసు వచ్చి, మొగుడి తిరుగుళ్లు భరించలేక గవర్నరు బంగళా వదిలి ఈ హోటల్లోనే దిగిందని ఊళ్లో కథ. కథ సంగతెలా ఉన్నా విడాకులు మాత్రం నిజం: 1890లో లండన్ కోర్టు ఇచ్చింది. దొర గవర్నరుగిరీ ఆ ఏడాదే ముగిసింది. 1902లో ఆయన పోయాడు, వారసుడు లేక ఆ బిరుదూ పోయింది.

మీరు నిమ్మసోడా చెబుతారు. మెనూలో ధర చూసి కళ్లజోడు సవరించుకుంటారు. మేనల్లుడి చూపు అట్టమీది పేరు మీద ఉంది.

"ఎవరు మావయ్యా ఈవిడ?"

"డల్హౌసీగారి పెద్దమ్మాయిరా. బయట గేటు మీద పేరుందే, ఆయనకి విడాకులిచ్చింది."