జైపాల్ రెడ్డి ఊతకర్రలు

2019 జులై 28న ఎస్. జైపాల్ రెడ్డి గారు పోయినప్పుడు వచ్చిన నివాళుల్లో ఒక మాట తరచూ కనిపించింది: వైకల్యాన్ని జయించిన నాయకుడు అని. మంచి మనసుతో అన్న మాటే. కానీ ఆయన జయించింది దేన్ని?

పసితనంలో వచ్చిన పోలియో ఆయన్ని వదిలిపోలేదు. ఊతకర్రలతోనే ఉస్మానియాలో ఎం.ఏ. చదివారు. 1969 నుంచి 1984 దాకా కల్వకుర్తి ఎమ్మెల్యే. ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెస్ వదిలారు. 1980లో మెదక్‌లో ఇందిరా గాంధీ మీద పోటీ చేసి ఓడిపోయారు. తర్వాత లోక్‌సభ, కేంద్ర మంత్రి పదవులు, 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం. చివరిదాకా ఆ కర్రలు ఆయన చేతుల్లోనే ఉన్నాయి. ఆయన రోజూ దాటింది మెట్లని. ఆ మెట్లు కట్టింది మాత్రం పోలియో కాదు, మనమే.

అమెరికాలో ఇదే జబ్బు ఇంకోలా కనిపించింది, అసలు కనిపించకుండా పోయింది అనాలేమో. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి 1921లో, 39వ ఏట కాళ్ళు చచ్చుబడ్డాయి. అప్పట్లో దాన్ని పోలియో అన్నారు. 1933 నుంచి 1945లో చనిపోయేదాకా ఆయనే అధ్యక్షుడు. ఆయన చక్రాల కుర్చీలో ఉన్న ఫొటోలు మాత్రం చాలా అరుదు. పక్కనున్నవాళ్ళు తీయనిచ్చేవారు కాదు, విలేకరులూ చాలావరకు సహకరించారు. 1997లో వాషింగ్టన్‌లో స్మారకం కట్టినప్పుడు కూడా శిల్పంలో కుర్చీని పెద్ద కోటుతో కప్పేశారు. వికలాంగుల సంఘాలు పోరాడాక, 2001లో గానీ చక్రాల కుర్చీ స్పష్టంగా కనిపించే విగ్రహం పెట్టలేదు.

వాళ్ళు కుర్చీని దాచారు. మనం కర్రలకి దండ వేశాం. రెండు చోట్లా మెట్లు మెట్లలాగే ఉండిపోయాయి.

అవి మారింది పొగడ్తలవల్ల కాదు. 1973లో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ సంస్థా వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని అందులోని 504వ సెక్షన్. దాని నిబంధనలు నాలుగేళ్ళు నానబెడితే, 1977లో వందమందికి పైగా శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ కార్యాలయంలో బైఠాయించారు. మూడు వారాలు దాటినా కదల్లేదు. నిబంధనల మీద సంతకం అయింది. 1990 మార్చిలో కొందరు కుర్చీలూ కర్రలూ కిందే వదిలేసి పార్లమెంటు భవనం మెట్లెక్కారు, చేతులమీద పాకుతూ. వాళ్ళలో ఎనిమిదేళ్ళ పాప కూడా ఉంది. ఆ జులై 26న వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది.

నేనుండే ప్లెయిన్స్‌బరోలో కాలిబాట అంచున కనిపించే వాలు ఆ పోరాటాల ఫలమే. పిల్లల బండి తోసే తల్లులు, మోకాళ్ళ నొప్పులతో ఇండియా నుంచి వచ్చిన మన అమ్మానాన్నలు దానిమీదుగానే దిగుతారు. ఆ వాలు వాడినందుకు వాళ్ళని ఎవరూ వీరులనరు.

మన దేశంలో తొలి చట్టం 1995లో వచ్చింది. 2016 చట్టం వైకల్యాల జాబితాని ఏడు నుంచి ఇరవై ఒకటికి, ఉద్యోగాల్లో రిజర్వేషన్‌ని 3 నుంచి 4 శాతానికి పెంచింది. నిబంధనలు వచ్చిన ఐదేళ్ళలో ప్రజలకి అవసరమైన భవనాలన్నీ అందరికీ అందేలా మార్చాలంది. నిబంధనలు 2017లో వచ్చాయి. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. మెట్లెక్కితే తప్ప పని జరగని ఆఫీసులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. ఈలోగా పేరు మాత్రం మారింది, వికలాంగులు దివ్యాంగులయ్యారు. దివ్యత్వం ఇవ్వడానికి సిమెంటు ఖర్చు లేదు.

జైపాల్ రెడ్డి గారిని ఆయన వాదనాపటిమకి, సిద్ధాంతనిష్ఠకి గుర్తుపెట్టుకుందాం. ఊతకర్రలతో ఆయన ఢిల్లీ దాకా వెళ్ళారు. అదే జబ్బుతో బడి మెట్ల దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఎంతమందో. వాళ్ళకి తెలివి తక్కువైందనీ పట్టుదల చాలలేదనీ నేను అనుకోను.