తిరుమల యాత్ర: బస కొండపైనా? కొండ దిగువనా?

(ప్రత్యేక వ్యాసం)

తిరుమల శ్రీవేంకటేశ్వరస్వామివారి దర్శనానికి బయలుదేరే ప్రతి కుటుంబంలోనూ రైలు టిక్కెట్టు చేతికందిన తరువాత తలెత్తే మొదటి ప్రశ్న "గది దొరికిందా?" అన్నదే. కొండపై గది దొరకనిదే యాత్ర సాగదని భావించేవారు నేటికీ అనేకులు. దొరకనప్పుడు దళారులను ఆశ్రయించి మోసపోయేవారు కొందరు, వృద్ధులైన తల్లిదండ్రులతో రాత్రంతా ఆరుబయట గడిపేవారు మరికొందరు. బస ఎక్కడ అన్నది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. యాత్రికుల ఆరోగ్యం, భద్రత, ఖర్చు, దర్శన సమయం ఈ నిర్ణయంపైనే ఆధారపడి ఉంటాయి. పాత్రికేయులకు, యాత్రికుల సేవలతో సంబంధమున్న అధికారులకు ఉపయుక్తంగా ఉండగలదన్న ఉద్దేశంతో ఈ వివరాలను క్రోడీకరించడమైనది.

గదులు పరిమితం, యాత్రికులు అపరిమితం

సాధారణ దినాలలో రోజుకు 60 వేల నుంచి 80 వేల మంది వరకు భక్తులు స్వామివారిని దర్శించుకుంటారు. తిరుమలలో ఉన్న గదులు సుమారు 7,500. వీటిలో కొంత భాగం దాతలకు, సిఫార్సుపై వచ్చేవారికి కేటాయిస్తారు. అన్ని గదులూ నిండినప్పటికీ వచ్చిన వారిలో అధిక సంఖ్యాకులకు గది లభించదు. ఇది నిర్వహణ లోపం వలన కలిగిన పరిస్థితి కాదు. సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున, చుట్టూ శేషాచల అడవుల నడుమ ఉన్న చిన్న పట్టణం తిరుమల. 2010లో శేషాచలం కొండలను జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అడవిని నరికి భవనాలు పెంచుకుంటూ పోవడం సాధ్యమూ కాదు, సమంజసమూ కాదు. కనుక ఉన్న వసతిని ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు వినియోగించుకోవాలన్నదే అసలు ప్రశ్న.

నేపథ్యం

1944లో మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమయ్యే వరకు యాత్రికులు కాలినడకన గాని, డోలీలలో గాని కొండ ఎక్కవలసి వచ్చేది. ఎక్కినవారు అలసట తీరే వరకు పైనే ఉండక తప్పేది కాదు. కొండపై బస చేయడం యాత్రలో భాగమన్న భావన అప్పటి నుంచి వచ్చినదే. 1974లో రెండవ ఘాట్ రోడ్డు అందుబాటులోకి వచ్చింది. ప్రస్తుతం ఎక్కడానికి రెండవ రోడ్డును, దిగడానికి మొదటి రోడ్డును వినియోగిస్తున్నారు. తిరుపతి నుంచి ఆర్.టి.సి. బస్సులు విరివిగా నడుస్తున్నాయి. ఉదయం కొండెక్కి, దర్శనం చేసుకుని, సాయంత్రానికి దిగిరావడం నేడు సాధ్యమే. దారి సుగమమైనా పాత భావన మాత్రం మారలేదు.

కొండపై బస

తిరుమలలో వసతి దాదాపు అంతా తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధీనంలోనే ఉన్నది. దీనికి తోడు వివిధ పీఠాలు, మఠాలు నిర్వహించే సత్రాలు ఉన్నాయి. గదుల అద్దె రూ.50, రూ.100 నుంచి మొదలై, సౌకర్యాలను బట్టి వేయి రూపాయలకు పైబడి కూడా ఉంటుంది. గది పొందడానికి సామాన్య భక్తులకు రెండు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, ముందస్తు బుకింగ్. దేవస్థానం అధికారిక వెబ్‌సైట్, మొబైల్ యాప్ ద్వారా మూడు నెలల ముందుగానే నెలవారీ కోటాను విడుదల చేస్తారు. విడుదలైన కొద్దిసేపటికే గదులు నిండిపోవడం సర్వసాధారణం. తిరుపతిలోని దేవస్థానం గదులను సైతం ఇదే విధంగా బుక్ చేసుకోవచ్చును.

రెండవది, తిరుమల చేరిన తరువాత కేంద్రీయ విచారణ కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవడం. ఖాళీని బట్టి కేటాయింపు సమాచారం యాత్రికుని సెల్‌ఫోన్‌కు సందేశ రూపంలో అందుతుంది. రద్దీని బట్టి ఈ నిరీక్షణ గంటల కొద్దీ సాగవచ్చును. సాధారణంగా ఒంటరిగా వచ్చిన వ్యక్తికి గది కేటాయించరు. గుర్తింపు కార్డు తప్పనిసరి.

ఒకరి పేరున పొందిన గదిని మరొకరికి అమ్ముకునే దళారుల బెడదను అరికట్టేందుకు 2023 మార్చిలో ముఖ గుర్తింపు విధానాన్ని ప్రవేశపెట్టారు. గది తీసుకున్న వ్యక్తే ఖాళీ చేసే సమయంలోనూ హాజరు కావలసి ఉంటుంది. అప్పుడే కాషన్ డిపాజిట్ తిరిగి జమ అవుతుంది. గదిని సకాలంలో ఖాళీ చేస్తే కౌంటర్ వద్ద పసిబిడ్డతో వేచి ఉన్న మరో కుటుంబానికి అది అందుతుందన్న విషయాన్ని ప్రతి యాత్రికుడూ గుర్తుంచుకోవాలి.

గది లేకున్నా నీడ ఉన్నది

గది దొరకని వారి కోసం తిరుమలలో యాత్రికుల వసతి సముదాయాలు ఉన్నాయి. ఇక్కడ లాకర్, విశ్రాంతి హాలు, స్నానాల గదులు, మరుగుదొడ్లు ఉచితంగా లభిస్తాయి. మాధవ నిలయం వంటి పాత సముదాయాలకు తోడుగా, 2025 సెప్టెంబరు 25న 'వేంకటాద్రి నిలయం' పేరిట ఐదవ సముదాయం ప్రారంభమైనది. ఉపరాష్ట్రపతి శ్రీ సి.పి.రాధాకృష్ణన్, రాష్ట్ర ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు దీనిని ప్రారంభించారు. రూ.102 కోట్ల వ్యయంతో నిర్మించిన ఈ భవనంలో ముందస్తు బుకింగ్ లేకుండా వచ్చే సుమారు 4,000 మంది విశ్రమించే వీలున్నది.

యువకులు, స్నేహ బృందాలు, ఒక్క రాత్రి మాత్రమే గడపదలచినవారు గదికై నిరీక్షించకుండా నేరుగా ఈ సముదాయాలకు వెళ్లడం మేలు. భోజనానికి సైతం చింతించనవసరం లేదు. 1985 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ నందమూరి తారక రామారావు ప్రారంభించిన నిత్యాన్నదానం నేడు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కొనసాగుతున్నది. కొండపై ఒకచోటి నుంచి మరొకచోటికి ఉచిత బస్సులు తిరుగుతుంటాయి.

కొండ దిగువన బస

తిరుపతిలో దేవస్థానం వసతి సముదాయాలలో ముఖ్యమైనవి మూడు. రైల్వేస్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, ఆర్.టి.సి. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, బస్టాండుకు సమీపంలోనే మాధవం ఉన్నాయి. వీటితో పాటు అన్ని స్థాయిలలో ప్రైవేటు హోటళ్లు, లాడ్జిలు పట్టణమంతటా ఉన్నాయి.

దిగువన బస చేయడం వలన కొన్ని ప్రత్యేక ప్రయోజనాలు ఉన్నాయి. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టిక్కెట్టు ముందుగా పొందినవారికి సమయం నిర్ణయమై ఉంటుంది. ఆ సమయానికి తగిన వ్యవధితో కొండెక్కితే చాలును. టిక్కెట్టు లేనివారికి తిరుపతిలోనే సమయ నిర్దేశిత సర్వదర్శనం టోకెన్లు జారీ చేస్తారు. విష్ణునివాసం, శ్రీనివాసం, అలిపిరి వద్దనున్న భూదేవి కాంప్లెక్స్ ఇందుకు కేంద్రాలుగా ఉంటూ వస్తున్నాయి. టోకెన్ పొంది, దిగువన విశ్రమించి, నిర్ణీత సమయానికి బయలుదేరేవారికి క్యూలో గడిపే సమయం గణనీయంగా తగ్గుతుంది. తిరుచానూరు శ్రీపద్మావతి అమ్మవారు, శ్రీగోవిందరాజస్వామివారు, కపిలతీర్థం, శ్రీనివాసమంగాపురం, శ్రీకాళహస్తి దర్శించదలచినవారికి సైతం తిరుపతి బసే అనుకూలం.

అర్ధరాత్రి వేళ రైలు దిగేవారు మరొక విషయం గమనించాలి. ఘాట్ రోడ్లపై రాత్రి కొన్ని గంటలపాటు వాహనాల రాకపోకలను నిలిపివేస్తారు. ద్విచక్ర వాహనాలకు నియంత్రణ మరింత ఎక్కువ. ఆ వేళ అలిపిరి తనిఖీ కేంద్రం వద్ద వాహనంలో కూర్చుని తెల్లవారే వరకు వేచి ఉండడం కన్నా స్టేషన్ సమీపంలో విశ్రమించడం ఉత్తమం. సొంత వాహనాలలో వచ్చేవారికి 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు.

ఎవరికి ఏది అనుకూలం?

వేకువజామున జరిగే సేవలకు టిక్కెట్టు ఉన్నవారు, తలనీలాలు సమర్పించి స్వామి పుష్కరిణిలో స్నానమాచరించదలచినవారు, నడవలేని వృద్ధులు, చంటిబిడ్డల తల్లులు కొండపై గదికి ప్రయత్నించడం సమంజసం. ఇతరులు దిగువన బస చేసినట్లయితే నిజంగా అవసరమున్నవారికి ఆ గది దక్కుతుంది.

హృద్రోగం, ఉబ్బసం, అధిక రక్తపోటు ఉన్నవారు బసను ఎంచుకునే ముందు వైద్య సదుపాయాన్ని దృష్టిలో ఉంచుకోవాలి. తిరుమలలో అశ్విని ఆసుపత్రి ఉన్నది. ఉన్నత స్థాయి చికిత్స అవసరమైనప్పుడు తిరుపతిలోని స్విమ్స్, రుయా ఆసుపత్రులకు దిగవలసి వస్తుంది. డిసెంబరు, జనవరి మాసాలలో కొండపై చలి, మంచు అధికం. తిరుపతి ఎండలో బయలుదేరినవారు ఒక్క దుప్పటి కూడా లేకుండా పైకి చేరి రాత్రి ఇబ్బంది పడడం తరచుగా కనిపించే దృశ్యం.

కాలినడక భక్తులకు

అలిపిరి మార్గంలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లు ఉన్నాయి. కాలినడకన వెళ్లేవారు ముందురోజు రాత్రి తిరుపతిలో విశ్రమించి, ఉదయాన్నే బయలుదేరడం అన్ని విధాలా శ్రేయస్కరం. 2023 ఆగస్టు 11వ తేదీ రాత్రి అలిపిరి కాలిబాటలో చిరుతపులి దాడిలో ఆరేళ్ల బాలిక మరణించింది. ఆ విషాదం తరువాత మధ్యాహ్నం 2 గంటలు దాటితే చిన్నపిల్లలను కాలిబాటలో అనుమతించరాదని నిర్ణయించారు. మధ్యాహ్నం రైలు దిగి, గది ఖర్చు ఆదా చేద్దామన్న ఆలోచనతో పిల్లలను వెంటబెట్టుకుని సాయంత్రం మెట్లెక్కడం ఎంతమాత్రమూ తగదు. ఆ కుటుంబాలు ఆ రాత్రికి దిగువనే ఉండాలి.

వర్షాకాలంలో మరో జాగ్రత్త అవసరం. 2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు శ్రీవారి మెట్టు మార్గం బాగా దెబ్బతిని 2022 మే వరకు మూతపడింది. 2021 డిసెంబరు 1న కొండచరియలు విరిగిపడి రెండవ ఘాట్ రోడ్డు ధ్వంసమైంది. తుపాను హెచ్చరికలున్న రోజులలో కొండెక్కే ముందు దారుల పరిస్థితిని విచారించుకోవడం అవసరం.

విశేష దినాలు

బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, వేసవి సెలవులలో పై లెక్కలన్నీ తారుమారవుతాయి. గరుడసేవ వంటి దినాలలో గది ఆశ పెట్టుకుని రావడం వృథా ప్రయాస. 2025 జనవరి 8వ తేదీ రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్న భక్తుల మధ్య తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. బస లేకుండా, టోకెన్ చేతికందక, వేలాదిగా ఒకేచోట గుమికూడడం ఎంతటి ప్రమాదకరమో ఆ రాత్రి తెలియజేసింది. దర్శనం, బస రెండూ ఖరారు కానివారు, ముఖ్యంగా వృద్ధులు, గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలు ఆ దినాలను వదలి మరొక రోజున రావడమే క్షేమకరం.

పాత్రికేయులకు, అధికారులకు

ఈ విషయమై వార్తలు, ప్రకటనలు వెలువరించే సందర్భంలో కొన్ని అంశాలను దృష్టిలో ఉంచుకోవలసి ఉన్నది. టోకెన్ల జారీ కేంద్రాలు, ఘాట్ రోడ్డు వేళలు, కాలిబాట నిబంధనలు, గదుల అద్దెలు కాలానుగుణంగా మారుతుంటాయి. పాత ప్రకటనలోని వివరాలను సరిచూడకుండా తిరిగి ప్రచురించినట్లయితే, వాటిని నమ్మి వచ్చినవారు అర్ధరాత్రి మూసిన కౌంటర్ ముందు నిలబడవలసి వస్తుంది. ప్రతి వివరానికీ తేదీని జతపరచడం చిన్న పనే అయినా దాని ప్రయోజనం పెద్దది. దేవస్థానం పేరును పోలిన నకిలీ వెబ్‌సైట్ల గురించి, గది ఇప్పిస్తామంటూ సొమ్ము కాజేసే దళారుల గురించి పాఠకులను తరచుగా హెచ్చరించడం అవసరం. రైలు, బస్సు రాత్రివేళ చేరే సమాచారంతో పాటు దిగువన గల వసతి వివరాలను సైతం ఇతర భాషలలో ప్రదర్శిస్తే పొరుగు రాష్ట్రాల యాత్రికులకు ఎంతో మేలు కలుగుతుంది.

మొత్తంమీద యాత్రికుడు పాటించవలసిన క్రమం సులభమైనది. ముందుగా దర్శన సమయం నిర్ణయించుకోవాలి. తరువాత వెంట వచ్చేవారి వయస్సును, ఆరోగ్యాన్ని చూసుకోవాలి. బసను ఎంచుకోవలసినది ఆ పిమ్మటనే. దిగువన నిద్రించి వచ్చినవానికైనా, కొండపై నిద్రించి లేచినవానికైనా స్వామి దర్శనంలో భేదం లేదు. సురక్షితంగా వెళ్లి, సురక్షితంగా ఇల్లు చేరినప్పుడే యాత్ర సఫలమైనట్లు.